అంచు మీద మనుషులున్నారు
(రోడ్ల ఇంజనీర్లకు బహిరంగ లేఖ)

గౌరవనీయులైన రహదారుల ఇంజనీర్లకు, ఆ పనుల అంచనాల మీద సంతకాలు పెట్టే అధికారులకు, శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టే ప్రజాప్రతినిధులకు,



"సైకిళ్ళ రద్దీ లేదండీ. అందుకే అంచుల పని అంచనాలో చేర్చలేదు." నేను పెట్టుకున్న అర్జీకి నోటిమాటగా వచ్చిన జవాబు ఇది. ఆ మాట చెప్పినాయన చెడ్డమనిషి కాదు. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. లేచి వస్తుంటే మాత్రం, "మాస్టారూ, ఈ వయసులో మీకు సైకిలెందుకండీ? పొద్దున్నే ఏ గ్రౌండులోనో నాలుగు రౌండ్లు నడిస్తే పోదా?" అన్నాడు. అది ఏ కార్యాలయమో, ఏ రోడ్డో ఇక్కడ రాయను. ఒక్క మనిషిని నిలదీయడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. లెక్కలో లేరు, వయసు కాదు అనే ఆ రెండు మాటలూ మీలో చాలామంది బల్లల మీద ఉన్నవే. ఆ రెండూ తప్పు. ఎందుకు తప్పో మీరు వినాలి.

నాకు అరవై నాలుగేళ్ళు. మాది విస్సన్నపేట. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పదిహేనేళ్ళు సైకిలు మీదే బడికి వెళ్ళాను. పుట్రేల, తాతకుంట్ల, కొండపర్వ దారుల్లో ఏ గతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. 1998లో బండి కొన్నాను. సైకిలు కొట్టంలో దూలానికెక్కింది. మొన్న మొన్నటి దాకా దించలేదు. షుగరు వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. నడిస్తే మోకాలు సలుపు, నడవకపోతే షుగరు పెరుగుదల. సైకిలు తొక్కితే ఒంటి బరువు మోకాళ్ళ మీద కాకుండా సీటు మీద పడుతుందని, ఆ పని చేసి చూడమని డాక్టరు గారు చెప్పారు. దూలం మీద నుంచి సైకిలు దించాను.

ట్యూబులు పొడిపొడి అయిపోయాయి. చైను తుప్పుపట్టి కడ్డీలా బిగుసుకుంది. పంక్చర్ల షాపు అతను దాన్ని విప్పదీసి, కిరోసిన్లో నానబెట్టి, బాల్సులు మార్చి, గ్రీజు పెట్టి, వెనక చక్రం వంకర తీసి మూడోనాటికి చేతిలో పెట్టాడు. ఎక్కబోతే కాలు సీటు మీదుగా తిరగలేదు. అరుగు పక్కన ఆనించి ఎక్కాను. సందు చివరిదాకా హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకుంది. మలుపు దాటాక ఒంటికి దానంతటదే గుర్తొచ్చింది. పదో ఏట గంటకింతని అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ సందులోంచి కాలు పెట్టి తొక్కిన ఒళ్ళు అది. ఆ రోజు నాలుగు కిలోమీటర్లు తొక్కాను. ఇంటికొచ్చాక మా ఆవిడ నా మొహం చూసి, ఏంటి అలా ఉన్నారు, ఎవరైనా కనిపించారా అని అడిగింది.

రెండో వారంలో పడ్డాను.

ఎలా పడ్డానో వివరంగా చెబుతాను. మీరు ఇంజనీర్లు, వివరం మీకు ఉపయోగపడుతుంది. మామిడి రోజులు. కలెక్టరు రకం మామిడికాయలు నింపుకున్న లారీ ఎదురుగా వస్తోంది. వెనక నుంచి బస్సు హారను కొట్టింది. చోటిద్దామని ఎడమకు జరిగాను. ముందు చక్రం తారు అంచు దాటి కిందికి దిగింది. వెనక చక్రం ఇంకా పైనే ఉంది. అక్కడితో ఆగి దిగిపోతే సరిపోయేది. బస్సు వెళ్ళిపోయింది కదా అని మళ్ళీ రోడ్డు మీదికి ఎక్కించబోయాను. టైరు ఆ అంచుకి ఏటవాలుగా ఒరుసుకుంటూ పోయింది గానీ ఎక్కలేదు. హ్యాండిలు కుడికి, సైకిలు ఎడమకు. నేను కుడివైపు, అంటే రోడ్డు మీదికి పడ్డాను. ఆ క్షణంలో వెనక ఇంకో బండి లేదు. అంతే తేడా. మోచేయి గీరుకుపోయింది, అరచేతుల్లో కంకర దిగింది. పక్క తోటలో కాయలు కోస్తున్న కూలీలు వచ్చి లేపారు.

మర్నాడు బడిలో వాడిన చెక్క స్కేలు పట్టుకెళ్ళి ఆ అంచు దగ్గర నిలబెట్టాను. ఆరున్నర అంగుళాలు. ఒక్క రోజులో అంత లోతు రాలేదు. పాత తారు మీద కొత్త పొర వేసినప్పుడల్లా రోడ్డు అంగుళమో రెండంగుళాలో పైకి లేస్తుంది. పక్క మట్టి ఎక్కడిది అక్కడే ఉంటుంది. వానాకాలం వస్తే తారు మీది నీళ్ళన్నీ అంచునే జారి ఆ మట్టిని కోసుకుపోతాయి. మూడు పొరలు, నాలుగు వానాకాలాలు. అంచుల వెంట గ్రావెలు పోసి, రోలరు తిప్పి, తారుతో సమానం చేయాలని మీ పుస్తకాల్లో ఉంది. రోడ్డు నల్లగా మెరిసిపోతుంటే ఫొటోలు తీసుకుంటాం, బాగుందంటాం. పక్కన తెగిన మట్టి ఏ ఫొటోలోనూ పడదు. కారువాడికి ఆ అంచుతో పని లేదు. రోజూ దాని మీదే బతికేది సైకిలువాడు, నడిచేవాడు, మేకలు తోలుకెళ్ళేవాడు. రోడ్డంటే నల్లగా ఉన్నంత మేరేనని మీకెవరు చెప్పారు?

ఇక మీ లెక్క సంగతి.

సైకిళ్ళకు ప్రత్యేక దారి ఎప్పుడు వేయాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే రాసిపెట్టింది. గంటకు వంద నుంచి రెండొందల మోటారు బండ్లు తిరిగే రోడ్డు మీద రద్దీ వేళ గంటకు 400 సైకిళ్ళు వెళ్తుంటే వాటికి దారి వేయొచ్చంది. మోటారు బండ్లు 200 దాటితే 100 సైకిళ్ళున్నా చాలంది. ఆ ప్రమాణాలను 2015లో తిరగరాశారు కూడా. అరవై ఏళ్ళ కిందటి ఆ పెద్దల బుద్ధి చూడండి. మోటార్లు పెరిగే కొద్దీ తక్కువ సైకిళ్ళకైనా రక్షణ కావాలన్నారు. ప్రమాదం పెరిగితే బాధ్యత పెరుగుతుందన్నారు. మీరు దాన్ని తలకిందులు చేశారు. మోటార్లు పెరిగాయి, రోడ్డు అంచు తెగింది, భయపడి సైకిళ్ళు తగ్గాయి. తగ్గినవాటిని లెక్కపెట్టి, సైకిళ్ళు లేవు కాబట్టి అంచు అక్కర్లేదంటున్నారు. వంతెన లేని వాగు దగ్గర నిలబడి, ఎవరూ దాటడం లేదు కదా వంతెనెందుకు అన్నట్టుంది ఇది. మేము లెక్కలో లేనివాళ్ళం కాదు. మీ రోడ్డే మమ్మల్ని లెక్కలోంచి తోసేసింది.

మా లెక్క ప్రభుత్వం దగ్గర ఉన్న రోజులూ ఉన్నాయి. నా చిన్నతనంలో సైకిలుకు పన్ను కట్టాలి. కడితే ఒక బిళ్ళ ఇచ్చేవారు. మా నాన్న దాన్ని హ్యాండిలు కింద తీగతో కట్టుకునేవాడు. రాత్రిపూట దీపం లేకుండా తొక్కితే పోలీసులు ఆపేవారు, ఇద్దరెక్కితే ఆపేవారు. పన్ను కోసం, జరిమానా కోసం మేము లెక్కకొచ్చాం. ఇప్పుడు రక్షణ అడిగేసరికి లెక్కలో లేమా?

అసలు మీరు ఏ వేళకు లెక్క తీస్తున్నారు? పొద్దున ఐదున్నరకు రండి. పాలక్యాన్లు కట్టుకున్నవాళ్ళు, మామిడి తోటలకు కాపలా వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు, కొడవలి క్యారేజీకి తగిలించుకుని కూలికి పోయేవాళ్ళు కనిపిస్తారు. తొమ్మిదింటికి రండి, బడిపిల్లలు. పదకొండింటికి జీపులో వస్తే కనిపించేది ఎండే. 2011 జనగణన ఈ దేశంలో నూటికి 44.8 ఇళ్ళలో సైకిలుందని రాసింది. ఆ సైకిళ్ళన్నీ ఎక్కడికి పోయాయి? చాలా మటుకు నా సైకిలులాగే దూలాల మీద, మేడ మెట్ల కింద ఉన్నాయి.

ఇంకోమాట. నేను మళ్ళీ వచ్చినవాణ్ణి. పడ్డాక మానేయాలనుకుంటే మానేయగలను, ఇంట్లో బండి ఉంది, పెన్షనుంది. అసలు సైకిలు దిగే అవకాశమే లేనివాళ్ళు నాతోపాటు ఆ అంచు మీదున్నారు. పాతికేళ్ళకు పైగా బండి మీద వాళ్ళ పక్కనుంచే వెళ్ళాను. హారను కొట్టాను, తప్పుకోమని విసుక్కున్నాను. వాళ్ళు ఏ అంచులోకి తప్పుకుంటున్నారో ఒక్కసారీ చూడలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. దేశంలో ఏటా నాలుగు వేలమందికి పైగా సైకిలు తొక్కుతూ రోడ్డు మీద చనిపోతున్నారు. ఆ సంఖ్య కేంద్ర రవాణా శాఖ అచ్చువేసే నివేదికల్లోనే ఉంటుంది. చనిపోయాక లెక్కకొచ్చేవాళ్ళని బతికుండగా ఎందుకు లెక్కపెట్టరు?

రెండో మాటకొస్తాను. ఈ వయసులో సైకిలెందుకు?

డెన్మార్కులో 50 నుంచి 65 ఏళ్ళ మధ్య ఉన్న 52 వేల మందికి పైగా స్త్రీ పురుషులను ఏళ్ళ తరబడి గమనించి, 2016లో ఫలితం ప్రకటించారు. ఆ వయసులో కొత్తగా సైకిలు మొదలుపెట్టినవాళ్ళకు, అసలు తొక్కనివాళ్ళతో పోలిస్తే షుగరు వచ్చే అవకాశం 20 శాతం తక్కువని తేలింది. చిన్నప్పటి నుంచీ మానకుండా తొక్కినవాళ్ళ సంగతి కాదు, ఆలస్యంగా ఎక్కినవాళ్ళ సంగతి. మన పల్లెల్లో షుగరు బిళ్ళలు లేని ఇల్లు వెతుక్కోవాలి. రోడ్డు అంచున పోసే రెండు లారీల గ్రావెలు కూడా వైద్యమేనని ఆరోగ్య శాఖవాళ్ళు మీకెప్పుడైనా చెప్పారా? మీరు వాళ్ళనెప్పుడైనా అడిగారా?

ఫ్రాన్సులో రాబెర్ మార్షాన్ అనే ఆయన 1911లో పుట్టాడు. కుర్రతనంలో తొక్కి వదిలేసి, అరవై దాటాక మళ్ళీ ఎక్కాడు. 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడు. ఆయనలా తొక్కాలన్న ఆశ నాకు లేదు. ఆయన తొక్కింది కప్పున్న ట్రాకు మీద. మా ముసలివాళ్ళం గంటకు ఎనిమిదో పదో కిలోమీటర్లు పోతాం. అంత మెల్లగా పోతే సైకిలు నిలకడగా ఉండదు, అటూ ఇటూ ఊగుతుంది. కుర్రాడికి అరగజం చాలిన చోట నాకు గజం కావాలి. మెడ పూర్తిగా వెనక్కి తిరగదు, అందుకే హ్యాండిలుకు అద్దం బిగించుకున్నాను. చెవి కూడా మునుపటంత చురుకు కాదు. నా వయసు చూసి చోటు తగ్గించడం ఏ లెక్క ప్రకారం సబబు? వయసు చూసి చోటు పెంచాలి గదా?

ఈ గడ్డకు సైకిలు కొత్త కాదు. గన్నవరం నుంచి శాసనసభకు గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు, శాసనసభకు సైకిలు మీద వెళ్ళిన మనిషి. ఆయన పేరు చెప్పి దండలు వేసే ప్రజాప్రతినిధులు ఈ ఉత్తరం చదువుతుంటే ఒక్కటడుగుతాను. ఆయన ఈ రోజు సైకిలెక్కి మా ఊరి రోడ్డు మీదికొస్తే, లారీ ఎదురైనప్పుడు ఎక్కడికి తప్పుకోవాలి?

మీ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తలచుకుంటే ఏం జరుగుతుందో చూపించినవాళ్ళూ ఉన్నారు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా పల్లె ఆడవాళ్ళకు సైకిలు నేర్పించారు. పెళ్ళిళ్ళయి పిల్లలున్న తల్లులు, పొలం కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు వేలమంది సైకిలెక్కారు. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్ళిచ్చింది. సైకిలిచ్చిన చేత్తోనే దాన్ని తొక్కే దారీ ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదు? ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు తల్లులై ఉంటారు. ఆ సైకిళ్ళూ దూలాలెక్కాయి.

మా ఆవిడకు యాభై తొమ్మిదేళ్ళు. మా అమ్మాయి చదువుకునేప్పుడు కొన్న లేడీస్ సైకిలు ఇంట్లోనే ఉంది. నన్ను చూసి తనకూ మనసైంది. సాయంత్రాలు వీధిలో నేర్చుకుంది, సెంటరు దాకా వెళ్ళొచ్చింది. పెద్ద రోడ్డెక్కనంటుంది. నా మోచేయి చూశాక ఎక్కమని నేనూ అనలేకపోతున్నాను. సైకిలు తొక్కగల ఆడమనిషి ఆ అంచు వల్ల ఇంటి వీధికే పరిమితమైపోతే ఆమె మీ రద్దీ లెక్కలో ఎక్కడ కనబడుతుంది?

డబ్బు లేదనకండి. హైదరాబాదు బాహ్య వలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, దాని మీద సోలారు పలకల కప్పు వేశారు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. సంతోషం. అక్కడ తొక్కేవాళ్ళు మా బిడ్డలే. మాకు కప్పు అక్కర్లేదు, పలకలు అక్కర్లేదు. తారుకూ మట్టికీ మధ్య మెట్టు లేకపోతే చాలు.

చట్టం కూడా మీకు గుర్తు చేయాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఏ సెక్షను వచ్చింది. రోడ్డు నమూనాలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా అంగవైకల్యం పొందినా ఆ బాధ్యత అధికారిది, కాంట్రాక్టరుది, సలహాదారుది. లక్ష రూపాయల దాకా జరిమానా. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ గారు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 7న ఇంకో ఆదేశమిచ్చింది. పాదచారుల, మోటారు లేని బండ్ల రక్షణకు ఒకటి, జాతీయ రహదారులు కాని రోడ్ల ప్రమాణాలకు ఒకటి, ఆరు నెలల్లో నిబంధనలు రాసి ప్రకటించమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. విరిగిన ఎముకలు అతికించి అతికించి విసిగిన వైద్యుడు కోర్టుకెక్కితే గానీ మీ పని మీకు చెప్పేవాడు లేకపోయాడు. ఆ నిబంధనల్లో సైకిలుకు ఎన్ని వాక్యాలుంటాయి? ఆ వాక్యాలు విస్సన్నపేట మామిడి తోటల దాకా వస్తాయా, కాగితం మీదే ఆగిపోతాయా?

నేను అడిగేది పెద్ద పని కాదు. కొత్త తారు పొర వేసిన ప్రతిచోటా, అదే పనిలో, అదే అంచనాలో, అటూ ఇటూ గ్రావెలు పోసి తొక్కించి అంచు సమానం చేయండి. అది కాకుండా బిల్లు పాసు చేయకండి. వెడల్పున్న చోట ఒక్క మీటరైనా తారు పక్కకు పొడిగించండి. కల్వర్టుల దగ్గర రోడ్డు సన్నబడుతుంది, తప్పుకోవడానికి చోటుండదు. వాటి సంగతి ముందు చూడండి. లెక్క తీసేటప్పుడు తెల్లవారుజామున, బడి వేళకు తీయండి. ఆ లెక్క పంచాయతీ గోడ మీద అతికించండి. తప్పుంటే మేమే దిద్దుతాం.

మా ఊళ్ళో నా వయసువాళ్ళు మరో ముగ్గురు సైకిళ్ళు దించి బాగు చేయించుకున్నారు. సందుల్లోనే తిరుగుతున్నాం. ఆ అంచు బాగుపడిన రోజున పెద్ద రోడ్డెక్కుతాం, అప్పుడొచ్చి లెక్కపెట్టుకోండి.

అంతకంటే ముందే మీలో ఎవరైనా రావాలనుకుంటే పొద్దున ఐదున్నరకు రండి. జీపు మా వీధి చివర ఆపేయండి. మా ఆవిడ సైకిలుకు గాలి కొట్టించి ఉంచుతాను. ఆరున్నర అంగుళాల ఆ అంచు దాకా కలిసి తొక్కుదాం. లారీ ఎదురొచ్చినప్పుడు ఏం చేయాలో అక్కడ మీరే చెప్పండి.

ఇట్లు,
విస్సన్నపేట నుంచి
విశ్రాంత ఉపాధ్యాయుడు